మాట చెప్పే పని

మా ఆడబిడ్డ ఎస్సెస్సెల్సీ ఆఖరి పరీక్ష రాసి వచ్చిన మర్నాడే మా అత్త ఆమె ముందు చింతపండు రాశి పోసి కూర్చోబెట్టింది. బాగేపల్లిలో మా ఇంట్లో ఎండాకాలమంటే అదే పని. గట్ల మీది చెట్లు దులిపి తెచ్చిన పండంతా నడవలో పోసుకుని, చిన్న సుత్తెతో కొట్టి గింజలు తీసి, ఉప్పు కలిపి కుండలకెత్తాలి. ఆ పిల్ల రెండు రోజులు నోరెత్తకుండా కొట్టింది. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం సుత్తె పక్కన పెట్టి నా వైపు తిరిగింది.

"వదినా, నాకొక పని చూపియ్యి."

"చేస్తాండావు గదా?"

"ఇది కాదు. పొద్దున పోయి సాయంత్రం వచ్చే పని. మా క్లాసు మగపిల్లోళ్లు అందరూ యాడో ఒకచోట చేరినారు. ఒకడు మిల్లులో చీటీలు రాస్తాండాడు. ఒకడు బట్టల సొసైటీలో కూర్చోనుండాడు. వాండ్లకంటే నాకేం తక్కువ?"

ఆమె బతిమాలలేదు, అలగలేదు. ఉన్న మాట అడిగింది. నాకది నచ్చింది.

అప్పటికి నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చి రెండేళ్లు కాలేదు. కైవారం దగ్గర పుట్టి, చింతామణిలో చదువుకున్నదాన్ని. మా ఆయన తాలూకా ఆఫీసులో గుమాస్తా. మా మామ వారంలో ఎక్కువ రోజులు మిట్టేమరిలో పొలం దగ్గరే ఉండేవాడు. మా అత్తది ఆంధ్ర సరిహద్దు పక్క పల్లె. ఆమెకు కన్నడం రాదు, దాని అవసరమూ ఎప్పుడూ పడలేదు. నాకప్పుడు ఆరో నెల. ఒంట్లో బరువు తప్ప పెద్ద పనేమీ లేదు. అందుకే ఆ పిల్లకు పని వెతికే పని నేను పెట్టుకున్నాను.

ముందు బట్టల సొసైటీకే వెళ్లాం. అక్కడ లెక్కలు చూసే పెద్దమనిషి మా మామకు బాగా తెలిసినవాడు. మమ్మల్ని బెంచీ మీద కూర్చోబెట్టి నీళ్లిప్పించి, విషయమంతా విని తల గోక్కున్నాడు.

"ఏం చెప్పేదమ్మా. పాప కూర్చుంటే బట్ట కొనేవాండ్లకంటే చూసేవాండ్లు ఎక్కువైపోతారు. రేపు మీ మామ వచ్చి నన్ను అడిగితే నేనేం జవాబు చెప్పల్ల?"

ఆయన చెడ్డ మనసుతో అనలేదు. అయినా లేచి వచ్చేశాం.

తర్వాత పుట్టింట్లో ఒక శుభకార్యానికి వెళ్తూ ఆమెను చింతామణికి తీసుకెళ్లాను. మా చిన్నప్ప, అంటే మా నాన్న తమ్ముడు, అక్కడి బస్టాండులో ఒక బస్సు కంపెనీ బుకింగ్ ఆఫీసు చూసుకునేవాడు. ఆయన నవ్వుకుంటూనే ఆ పిల్లను కూర్చోబెట్టి, ఏ ఊరికి ఎంత టికెట్టు, ఇంతమందికి ఎంతవుతుంది, చిల్లర ఎంత తిరిగివ్వాలి అని అడిగాడు. ఆమె కాగితం ముట్టకుండా చెప్పింది. ఆయన ముఖంలో నవ్వు పోయి ఆలోచన వచ్చింది.

"లెక్క బాగుండాది. కాదనను. అయితే ఈ డ్రైవర్లు, కండక్టర్లు నోటికేమొస్తే అది మాట్లాడతారే! వాండ్ల మధ్యలో యాడ కూర్చోబెట్టేది?"

"నేను వినబడనట్ల ఉంటాలే మామా," అంది మా ఆడబిడ్డ.

"నువ్వు ఉంటావు. నేను ఉండలేనమ్మా," అన్నాడాయన.

తిరుగు బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుంది. వేడిగాలి ముఖానికి కొడుతున్నా తల తిప్పలేదు. ఊళ్లు దాటిపోతున్నాయి. ఆమె బాధపడుతోందనుకున్నాను గానీ, దిగేముందు, "బాలవాడిలో కూడా అడుగుదామా వదినా?" అంది. ఆ పసిపిల్లల బడిలో అడిగితే ఫలితాలు వచ్చాక రమ్మన్నారు.

ఆమెకు పని చివరికి నా కడుపులోని బిడ్డ వల్ల దొరికింది.

ఆ ఏడాదే మా ఊరి ఆసుపత్రికి కొత్తగా ఒక డాక్టరమ్మ వచ్చింది. ఆమెది ధారవాడ వైపు. కన్నడ ప్రాంతాలన్నీ ఒకే రాష్ట్రమైన తర్వాత అటువాళ్లను ఇటు, ఇటువాళ్లను అటు వేయడం మొదలైంది కదా, అలా వచ్చింది. బడిలో కన్నడం చదువుకున్న నాకే ఆమె కన్నడం సగం అర్థమయ్యేది కాదు. "ఏనాగేత్రి?" అని గట్టిగా, వేగంగా అడిగేది. ఏమైంది అని అడగడమే అది. కానీ పల్లెల నుంచి వచ్చిన ఆడవాళ్లకు తిడుతున్నట్టు వినిపించేది. తెలుగు తెలిసిన ఆయా ఒకతె ఉండేదట. ఆమె కాన్పుకని సెలవు పెట్టి పుట్టింటికి వెళ్లిపోయింది. మిగిలింది కంపౌండరు. ఆయనకు రెండు భాషలూ వచ్చు, కానీ మగమనిషి. ఆయన ఎదురుగా ఆడవాళ్లు ఏం చెప్పుకుంటారు? ఏ జబ్బుతో వచ్చినా తలనొప్పి అనేవాళ్లు.

నేను చూపించుకోవడానికి వెళ్లిన రోజు మా ఆడబిడ్డ తోడు వచ్చింది. మా ముందు ఒక పల్లెటూరి పిల్ల, ఇరవై ఏళ్లు కూడా ఉండవు, స్టూలు మీద కూర్చుని ఉంది. కంపౌండరు "తలెనోవంతె" అన్నాడు. డాక్టరమ్మ చేతిలోని పెన్ను బల్ల మీద పెట్టేసింది.

"ఈ తాలూకాలో ఆడవాళ్లందరికీ తలనొప్పి ఒక్కటేనా?" అని కన్నడంలో ఎవరినీ ఉద్దేశించకుండా అడిగింది.

మా ఆడబిడ్డ నా పక్కనుంచి లేచి వెళ్లి ఆ పిల్ల దగ్గర వంగింది. చెవిలో ఏదో అడిగింది. ఆ పిల్ల ముందు తల అడ్డంగా ఊపి, తర్వాత నోటికి కొంగు అడ్డం పెట్టుకుని చాలాసేపు చెప్పింది. మా ఆడబిడ్డ నిటారుగా నిలబడి, కంపౌండరు కొంచెం బయటికి పోతే చెప్తానని కన్నడంలో అంది. ఆయన విసుక్కోకుండా పోయాడు. అప్పుడు చెప్పింది. ఆ పిల్లకు మూడు కాన్పులు పోయాయి, మళ్లీ నెల తప్పింది, ఇదైనా నిలబడుతుందా అని అడగడానికి అత్తకు తెలియకుండా నడిచి వచ్చింది.

డాక్టరమ్మ ఆ పిల్లను లోపలి గదికి తీసుకెళ్లింది. మా ఆడబిడ్డను కూడా రమ్మని చేయి ఊపింది. వాళ్లు బయటికి వచ్చేసరికి నా నడుము పట్టేసింది. నా వంతు వచ్చాక డాక్టరమ్మ నా నాడి పట్టుకుని, కళ్లు మాత్రం మా ఆడబిడ్డ మీద పెట్టి, "ఎవరీ అమ్మాయి?" అంది.

నేను ఆలస్యం చేయలేదు. "మా ఆడబిడ్డ. పరీక్ష రాసి ఖాళీగా ఉంది. పని వెతుకుతోంది. మీ ఆయా వచ్చేదాకా పెట్టుకోండి," అన్నాను.

మా ఆడబిడ్డ నా వెనక నుంచి ఒక అడుగు ముందుకొచ్చింది.

"ఆయా స్థానం ఖాళీగానే ఉంది. దినకూలి మీద తీసుకునే అధికారం నాకుంది," అంది డాక్టరమ్మ. "మీ ఇంట్లో ఒప్పుకుంటారా?"

ఒప్పుకోరని నాకు తెలుసు. ఇంటికి వచ్చి చెప్పీ చెప్పగానే మా అత్త చేతిలోని చేట కింద పెట్టింది.

"ఆయా పనికా? మన ఇంటి బిడ్డనా? దానికి సంబంధాలు చూస్తాండాము, మతి ఉండాదా మీకు? ఆసుపత్రిలో బొక్కెనలెత్తిందని చెప్పుకుంటే ఎవరొస్తారు?"

నేను మర్నాడు ఆసుపత్రికి వెళ్లి ఆ మాటే డాక్టరమ్మకు చెప్పాను. ఆ సాయంత్రమే ఆమె, చెప్పులు గుమ్మం బయట విడిచి, మా నడవలోకి వచ్చి నిలబడింది. ఆ రోజు మా మామ కూడా ఇంట్లోనే ఉన్నాడు. అత్త కంగారుగా చాప వేసింది. డాక్టరమ్మ చింతపండు రాశి పక్కనే కూర్చుని, మా అత్తను చూసి చేతులు జోడించి, "అవ్వా," అంది.

వాళ్ల వైపు అవ్వ అంటే అమ్మ. మాకు నాయనమ్మ, ముసలిది. మా అత్తకు అప్పటికి నలభై దాటి ఎంతో కాలేదు.

"నేను దీని కండ్లకు అవ్వ మాదిరి కనపడతాండానా?" అంది అత్త ముఖం ముడుచుకుని.

మా ఆడబిడ్డ నవ్వు ఆపుకోలేక గోడవైపు తిరిగింది. మళ్లీ సర్దుకుని, ఆ మాటకు అర్థమేమిటో తల్లికి చెప్పింది. తల్లి ఏమనుకుందో డాక్టరమ్మకు చెప్పింది. డాక్టరమ్మ పెద్దగా నవ్వింది.

ఆ తర్వాత జరిగింది నాకు ఇప్పటికీ నిన్న చూసినట్టే ఉంటుంది. మా అత్తకు కన్నడం రాదు, డాక్టరమ్మకు తెలుగు రాదు. నేను పూనుకోబోతే డాక్టరమ్మ వద్దని చేయి చూపి, ఆ పిల్లనే చెప్పమంది. తన ఉద్యోగం గురించి తల్లి కాదంటున్న మాటలను, డాక్టరమ్మ ఇస్తున్న జవాబులను ఆ పిల్లే అటూ ఇటూ చెప్పాల్సి వచ్చింది.

"మా బిడ్డను బొక్కెనలెత్తేదానికి పంపేది లేదని చెప్పు," అంది అత్త.

ఆమె చెప్పింది.

"ఆ పని చేసే మనిషి వేరే ఉంది. ఈమె నా పక్కన కూర్చుని మాట చెప్పాలి, అంతే," అంది డాక్టరమ్మ. ఆమె అదీ చెప్పింది.

"పెండ్లి కావాల్సిన పిల్ల. వినరానివన్నీ వింటాదని చెప్పు. నా బిడ్డ నాకు తెలిసినంత ఈయమ్మకు తెల్దని చెప్పు. దానికి మొండితనం ఎక్కువని కూడా చెప్పు."

మా ఆడబిడ్డ ముఖం ఎర్రబడింది. అయినా మొండితనంతో సహా చెప్పింది. డాక్టరమ్మ ఆమెను కాసేపు చూసి, అత్త వైపు తిరిగింది. "వినరానివి వింటుంది, నిజమే. కానీ అవి చెప్పుకోలేక నా కళ్ల ముందు ఆడవాళ్లు వెనక్కి పోతున్నారు. పొద్దున పంపండి, పొద్దుగూకే లోపల నేనే ఇంట్లో దింపుతాను," అంది.

మా మామ అంతవరకూ స్తంభానికి ఆనుకుని వింటూ ఉన్నాడు.

"బిడ్డ ఒక మాట కూడా మార్చలేదు," అన్నాడు నెమ్మదిగా. ఆయనకు కన్నడం బాగా వచ్చు. "తన మీద చెప్పింది కూడా మార్చలేదు. పోనీలే, ఆయా వచ్చేదాకనే గదా."

అత్త లేచి డాక్టరమ్మకు మజ్జిగ తెచ్చింది. సరే అని నోటితో అనలేదు.

అలా మా ఆడబిడ్డ పొద్దున్నే తల దువ్వుకుని, సద్ది కట్టుకుని పనికి పోవడం మొదలుపెట్టింది. డాక్టరమ్మ ఆమెను తంగి అని పిలిచేది. వాళ్ల మాటలో చెల్లెలని. మొదటి వారంలోనే ఆసుపత్రిలో తలనొప్పులు తగ్గిపోయి, వాటి స్థానంలో అసలు జబ్బులు బయటికి వచ్చాయని కంపౌండరు మా ఆయనతో అన్నాడట.

అంతా సాఫీగా ఏమీ జరగలేదు. ఒక రోజు ఒకామె తన జబ్బు వివరంగా చెప్తే, ఆ పిల్ల సిగ్గుపడి కడుపునొప్పి అని మాత్రం చెప్పింది. డాక్టరమ్మ కడుపునొప్పికి మందిచ్చింది. ఆమె నాలుగు రోజులకు, జబ్బు ఇంకా ముదిరి, మూడు మైళ్లు నడిచి మళ్లీ వచ్చింది. అప్పుడు సంగతి బయటపడింది. డాక్టరమ్మ అరవలేదు. ఆ మనిషి వెళ్లిపోయాక, "నీ సిగ్గు చెప్పులతో పాటు గుమ్మం బయట విడిచి రా. అది కుదరకపోతే ఇంట్లో చింతపండు కొట్టుకో," అంది. ఆ రోజు ఇంటికి వచ్చి నా గదిలో కూర్చుని ఏడ్చింది. పని మానేస్తుందేమో అనుకున్నాను. మర్నాడు రోజూకంటే ముందే వెళ్లింది.

ఇంకొకసారి డాక్టరమ్మ జీపులో మిట్టేమరికి వెళ్లింది. బాలింతలను, పసిపిల్లలను చూడటానికి. మా మామే బడి ముందు నీడలో బెంచీలు వేయించాడు. ఒక బాలింత బిడ్డకు పుట్టిన రోజు నుంచీ ఆముదం పట్టిస్తున్నారని తెలిసి డాక్టరమ్మకు కోపం వచ్చింది. మీకు బుద్ధుందా, మీరు తల్లులేనా అని గబగబా ఏదేదో అనేసింది. మా ఆడబిడ్డ ఆ బాలింత పక్కన కూర్చుని చెప్పింది.

"అక్కా, బిడ్డకు ఇప్పుడు నీ పాలే చాలంట. ఆముదం తాపితే పేగులు తట్టుకోవంట. ఆయమ్మకు బిడ్డ మీద బెంగ, అందుకే అట్ల మాట్లాడతాండాది."

డాక్టరమ్మకు తెలుగు రాకపోయినా, తన కోపం ఆ మాటల్లోకి రాలేదని తెలిసిపోయింది. జీపు ఎక్కాక అడిగింది. "నేనన్నది ఎందుకు చెప్పలేదు?"

"తిట్టింది చెప్తే మళ్లీ వాళ్లు మీ దగ్గరికి రారు."

"అది ఆలోచించాల్సింది నేను. నువ్వు కాదు."

ఆసుపత్రి ముందు దిగుతూ డాక్టరమ్మే అంది. "నా కోపం నువ్వు మింగెయ్. పర్వాలేదు. కానీ వాళ్లు చెప్పేదాంట్లో ఒక్క మాట కూడా మింగొద్దు." ఇదంతా రాత్రి అన్నాలప్పుడు మా ఆడబిడ్డ చెప్తూ ఉంటే, మా అత్త తలవంచుకుని అందరికీ వడ్డిస్తూ వింది.

కొన్నాళ్లకు నేను మళ్లీ చూపించుకోవడానికి వెళ్లాల్సి వచ్చింది. "నేను తోడొస్తాలే," అంది అత్త. ఆమె ఆసుపత్రి వైపు రావడం అదే మొదలు. వరుసలో నా పక్కన కూర్చుంది. ఆమె నుదుటికి ఎప్పటిలాగే గుడ్డ కట్టుకుని ఉంది. నేను ఆ ఇంటికి వచ్చినప్పటి నుంచీ ఆమెకు వారంలో సగం రోజులు తలనొప్పే. శొంఠి అరగదీసి పట్టు వేసుకుని, గోడకు జారగిలబడి కాసేపు కళ్లు మూసుకునేది.

నా పరీక్ష అయిపోయింది. నేను లేచాను. అత్త లేవలేదు. వచ్చి నేను లేచిన స్టూలు మీద కూర్చుంది. నుదుటి గుడ్డ విప్పి చేతిలో పట్టుకుంది. ఎదురుగా మా ఆడబిడ్డ నిలబడి ఉంది. అత్త ఆమె ముఖం చూడకుండా, పరాయి మనిషితో మాట్లాడినట్టు అంది.

"ఆయమ్మకు చెప్పమ్మా. నాకు తలనొప్పి కాదని చెప్పు."

డాక్టరమ్మకు ఆ మాట అర్థమవడానికి మా ఆడబిడ్డ చెప్పాల్సిన అవసరం రాలేదు. ఆమె తలెత్తి ఇద్దరినీ చూసింది. కూతురితో, "తంగి, నువ్వు బయట ఉండు. మీ వదినకు కన్నడం వచ్చు కదా, ఆమె చెప్తుంది," అంది.

"ఏమంటాండాది?" అని అడిగింది అత్త.

"నన్ను బయటికి పొమ్మంటాండాది. వదిన చెప్తాదంట."

అత్త చేతిలోని గుడ్డను మడత పెట్టింది, విప్పింది.

"వద్దు. ఇదే చెప్పనీ. ఇదయితే ఒక మాట కూడా మింగదు."

మా ఆడబిడ్డ అది చెప్పింది. డాక్టరమ్మ వెళ్లి తలుపు గడియ పెట్టి వచ్చింది.

అప్పుడు అత్త చెప్పింది. గర్భసంచి జారిందట. బరువెత్తితే బయటికి వస్తుందట. పడుకుంటే లోపలికి పోతుందట. నీళ్ల బిందె చంకకెత్తుకున్నప్పుడల్లా రెండో చేత్తో గట్టిగా పట్టుకుని నడుస్తుందట. నడవలేనప్పుడు తలనొప్పి అని చెప్పి కూర్చుంటుందట. ఒక్కొక్క మాట తెలుగులో వినిపించి, వెంటనే కన్నడంలో వినిపించింది. మా ఆడబిడ్డ చేతులు బల్ల అంచును పట్టుకుని ఉన్నాయి. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. దాదాపు రెండేళ్లుగా ఒకే ఇంట్లో ఉండి, ఆమె ఎత్తిన బిందెల నీళ్లు తాగుతున్నదాన్ని.

"ఎన్నాళ్ల నుంచి?" అంది డాక్టరమ్మ.

ఆ పిల్ల తల్లిని అడిగింది.

అత్త మొదటిసారి కూతురి ముఖంలోకి చూసింది. "ఈ బిడ్డ పుట్టినప్పటి నుంచి," అంది.

మా ఆడబిడ్డ బల్ల అంచు వదిలింది. తర్వాత డాక్టరమ్మ వైపు తిరిగి, "నాను హుట్టిదాగినింద," అంది. నేను పుట్టినప్పటి నుంచి అని.

డాక్టరమ్మ అత్తను లోపలి గదికి తీసుకెళ్లి చూసింది. వచ్చాక, ఇది నయమయ్యేదే, చిక్కబళ్ళాపురం పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేస్తారు, ఇన్నేళ్లు దీన్ని మోయాల్సిన పనే లేకపోయింది అంది. మా ఆడబిడ్డ ఆ చివరి మాట చెప్పేటప్పుడు తెలుగు దొరకనట్టు ఆగి ఆగి చెప్పింది.

ఆ సాయంత్రం ఇద్దరూ నడవలో మిగిలిన చింతపండు దగ్గర కూర్చున్నారు. నేను వంటింట్లో ఉన్నాను.

"అమ్మా, నావల్లనా?"

"నీవల్ల యాడయితాదే పిచ్చిదానా. నువ్వు బాగనే పుట్టినావు. వేరుశెనక్కాయలు పీకే కాలం. మనుషులు దొరకలేదు. పట్టుమని పది దినాలు పనుకోకుండా నేనే చేనికి పోయినాను. గంపలెత్తినాను. అప్పుడు జారింది."

"ఎవరికీ ఎందుకు చెప్పలేదు?"

"ఎవరికి చెప్పల్ల? కంపౌండరుకా?"

తర్వాత సుత్తెల చప్పుడు మొదలైంది.

మా మామకు ఆ సంగతి మా అత్తే చెప్పింది. ఆయన మిట్టేమరి నుంచి వచ్చి అరుగు మీద కూర్చుని చాలాసేపు తల తుడుచుకున్నాడు.

"ఇన్నేండ్లు నాకు చెప్పలేదే నువ్వు."

"చెప్తే నువ్వేం చేసేవానివి?"

"బిందె నేనెత్తేవాణ్ని," అన్నాడు ఆయన.

అత్త లోపలికి వచ్చి, పొయ్యి దగ్గర నా పక్కన కూర్చుని కొంగుతో ముఖం తుడుచుకుంది. పొగ అంది. పొయ్యిలో నిప్పులు తప్ప పొగ లేదు.

వానలు మొదలయ్యే ముందు ఆమెను చిక్కబళ్ళాపురం తీసుకెళ్లారు. మా మామ, మా ఆడబిడ్డ కూడా వెళ్లారు. అక్కడ తెలుగు తెలిసిన నర్సులు చాలామంది ఉన్నా, అత్త కూతుర్ని మంచం పక్కనుంచి కదలనివ్వలేదట. డాక్టరు ఏం చెప్పినా ఆ పిల్ల నోట మళ్లీ ఒకసారి వింటేనే ఆమెకు నమ్మకం. వాళ్లు తిరిగి వచ్చేసరికి ఆయా బిడ్డను చంకనేసుకుని పనిలో చేరింది. మా ఆడబిడ్డ ఉద్యోగం అయిపోయింది. ఫలితాలు కూడా వచ్చాయి. ఫస్టు క్లాసులో పాసయింది. చివరి కూలితో ఆమె తనకొక జత చెప్పులు కొనుక్కుంది. పల్లెల్లో తిరిగి తిరిగి పాతవి అరిగిపోయాయి.

డాక్టరమ్మ ఆమెను నర్సు ట్రైనింగుకు పంపమని మళ్లీ మా ఇంటికి వచ్చింది. ఈసారి అత్త కాదనలేదు. మా ఆడబిడ్డే కాదంది.

"మాట చెప్పేది నాకు ఇష్టం. రక్తం చూస్తే కండ్లు తిరుగుతాండాయి. ఇన్ని దినాలు గోడ పట్టుకోని నిలబడినాను, మీకు చెప్పలేదు."

డాక్టరమ్మ నొచ్చుకుందేమో అనుకున్నాను. ఆమె మాత్రం, "అయితే పిల్లలకు పాఠాలు చెప్పు," అంది. కోలారులో టీచర్ల ట్రైనింగుకు దరఖాస్తు ఆమే తెప్పించి ఇచ్చింది. వచ్చిన సంబంధాలవాళ్లను మా మామ ఒక ఏడాది ఆగమన్నాడు. ట్రైనింగు అయ్యాక ఆమెకు దిబ్బూరహళ్ళి బడిలో పని దొరికింది. మల్బరీ తోటలున్న ఇంటికి కోడలై ఆ ఊళ్లోనే స్థిరపడింది.

నా కాన్పు మాత్రం ఆమె కోలారు వెళ్లకముందే, ఆ వానల్లో జరిగింది. తొలి కాన్పు పుట్టింట్లో కావాలి. మా అమ్మ చింతామణి నుంచి తీసుకెళ్లడానికి వచ్చింది. మా అత్త ఒప్పుకోలేదు. "ఈ డాక్టరమ్మ చేతిలోనే కానియ్యి వదినా. నువ్వే ఇక్కడుండు," అని మా అమ్మను ఆపేసింది. బిడ్డ బాగేపల్లి ఆసుపత్రిలో పుట్టింది. మా ఆడబిడ్డ ఆ గదిలోకి రాలేదు. బయట వాన తుంపరలో నిలబడి ఉంది. డాక్టరమ్మ కిటికీ తెరిచి, తనకు అప్పటికి కొద్దికొద్దిగా వచ్చిన తెలుగులో, "తంగి, ఆడబిడ్డ పుట్టింది," అని అరిచింది. ఆడపిల్ల అనబోయి అలా అంది. ఆ నొప్పుల్లోనూ నాకు నవ్వొచ్చింది.

అత్త కొన్ని నెలలు బరువెత్తకూడదని చిక్కబళ్ళాపురంలో గట్టిగా చెప్పి పంపారు. మా మామ మిట్టేమరి పొలం వేరేవాళ్లకు పాలుకిచ్చి బాగేపల్లిలోనే ఉండిపోయాడు. పొద్దున్నే పంచె ఎగ్గట్టి బావి దగ్గరికి వెళ్లేవాడు. అక్కడి ఆడవాళ్లు మొదట నవ్వుకున్నారు, తర్వాత ఆయన వస్తుంటే దారి ఇచ్చేవాళ్లు. బిడ్డను కూడా అత్త ఎత్తుకోకూడదు. గోడకు ఆనుకుని కాళ్లు చాపుకుని కూర్చునేది. మా ఆడబిడ్డ తెచ్చి ఒళ్లో పెట్టేది, ఏడిస్తే మళ్లీ తీసుకునేది.

కోలారు బస్సు ఎక్కాల్సిన రోజు పొద్దున మా ఆడబిడ్డ పెట్టె సర్దుకుని, కొత్త చెప్పులు చేత్తో పట్టుకుని నడవలో నిలబడింది. అత్త ఒళ్లో బిడ్డ నిద్రపోతోంది.

"నేను పోతే నీ ఒళ్లో ఎవరు పెడతారు?" అంది.

"మీ నాయన ఉండాడు గదా, ఆయప్ప పెడతాడు," అంది అత్త. "నువ్వు బయలుదేరు. బస్సు పోతాది."

మా మామ పెట్టె నెత్తిన పెట్టుకుని అప్పటికే వీధిలోకి దిగాడు.